ఇసుకలో జారిన బంగారం: మెటల్ డిటెక్టరుకు ఎంత తీగచుట్ట కావాలి?

వేసవి సెలవులలో సముద్రతీరాలకు వెళ్ళే కుటుంబాలకు అప్పుడప్పుడు ఒక కష్టం ఎదురవుతూ ఉంటుంది. చల్లని నీటిలో నాని సన్నబడిన వేలి నుండి ఉంగరం జారిపోతుంది. చంకనున్న పసివాడు పట్టి లాగగా మెడలోని గొలుసు తెగి ఇసుకలో పడుతుంది. అది అత్తగారు తన మెడలోనుండి తీసి కోడలికి వేసిన గొలుసైతే, దాని విలువ ఏ భీమా సంస్థ లెక్కలకూ అందదు. అట్టి సమయంలో మెటల్ డిటెక్టరు అద్దెకు తెచ్చుకోవాలని తోచడం సహజం. దుకాణంలో ఉన్నవాటిలో అన్నింటికంటె పెద్ద చుట్ట గల యంత్రాన్ని చేత పట్టుకొని రావడమూ అంతే సహజం. ఉంగరం మాట ఎలా ఉన్నా, సన్నని గొలుసు విషయంలో మాత్రం ఈ ఎన్నిక వెదుకులాటను మొదటిలోనే దెబ్బ తీస్తుంది.

కర్ర చివర పళ్ళెంవలె కనిపించే భాగంలో రాగితీగ చుట్టలు అమర్చి ఉంటాయి. 1831లో ఫారడే కనుగొన్న విద్యుత్ ప్రేరణ సూత్రమే ఈ యంత్రానికి ఆధారం. చుట్టలో మారుతూ ప్రవహించే విద్యుత్తు తన చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని కల్పిస్తుంది. ఆ క్షేత్రం ఇసుకలోని లోహాన్ని తాకినప్పుడు అందులో సుడి ప్రవాహాలు పుడతాయి. అవి తిరిగి పంపే అతిస్వల్పమైన క్షేత్రాన్ని గ్రహించి యంత్రం మ్రోగుతుంది.

చుట్ట పెద్దదైనకొద్దీ క్షేత్రం లోతుకు పోతుందన్నది నిజమే. అయితే అదే క్షేత్రం ఎక్కువ వైశాల్యంలో పరచుకొని, పైపొరలో పలచబడుతుంది. 6 అంగుళాల వ్యాసం గల చుట్టను, 15 అంగుళాల చుట్టను తీసుకొని, రెండింటిలోనూ అన్నే చుట్లు, అంతే విద్యుత్తు ఉన్నవనుకొని లెక్క వేస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. కేంద్రానికి సరిగ్గా క్రింద 1 అంగుళం లోతున చిన్న చుట్ట క్షేత్రమే రెండు రెట్లకు పైగా బలమైనది. 3 అంగుళాలు దాటిన కొద్ది దూరానికి రెండూ సమానమవుతాయి. 12 అంగుళాల లోతున పెద్దది నాలుగు రెట్లు బలమైనది. వచ్చిన సంకేతం తిరిగి పైకి చేరడంలోనూ ఇదే తారతమ్యం వర్తిస్తుంది కనుక తేడా మరింత హెచ్చుతుంది. పడిన రోజుననే వెదికితే, పొడి ఇసుకలోని నగ సాధారణంగా కొద్ది అంగుళాల లోతులోనే ఉంటుంది. అడుగు లోతున వెదికే శక్తితో అక్కడ పని లేదు.

నగ ఆకారం కూడా విచారింపదగినదే. చెక్కుచెదరని ఉంగరమూ, గాజూ సంపూర్ణ వలయాలు. సుడి ప్రవాహం వాటి చుట్టూ అడ్డు లేక తిరుగుతుంది గనుక అవి చక్కగా మ్రోగుతాయి. అదే ఉంగరం ఒకచోట విరిగితే ప్రవాహానికి దారి తెగి సంకేతం క్షీణిస్తుంది. గొలుసు పరిస్థితి ఇంకా కష్టం. ఎన్ని తులాలు తూగినా, దాని లంకెల మధ్య విద్యుత్తుకు మంచి దారి లేదు. అందుచేత యంత్రానికి అది ఒక్క వస్తువుగా గాక, విడివిడిగా పడి ఉన్న నూరు చిన్న కొండీలుగా కనిపిస్తుంది. బంగారు గుండ్ల మధ్య గాజు పూసలు గుచ్చిన నల్లపూసల దండ సంగతి చెప్పనక్కరలేదు. మంగళసూత్రంలో యంత్రానికి దొరికేవి ముఖ్యంగా పుస్తెలే. అవి వెల్లకిలా పడితే మేలు, అంచుమీద నిలిస్తే వాటి ధ్వని కూడా తగ్గిపోతుంది. ఇంత చిన్న గుర్తును పట్టడానికి 5, 6 అంగుళాల చుట్టయే తగినది.

పెద్ద చుట్టతో మరొక చిక్కు ఉన్నది. అది ఒకేసారి ఎక్కువ నేలను చూస్తుంది కాబట్టి, కోరినదానితోపాటు కోరనివాటినీ పోగుచేస్తుంది. విహారస్థలాలలో సీసా మూతలు, అల్యూమినియం రేకులు, పాతకాలపు పానీయాల డబ్బాల నుండి ఊడిన వలయాలు విస్తారంగా ఉంటాయి. ఆ వలయాల ధ్వని బంగారు ఉంగరపు ధ్వనిని పోలి ఉంటుంది. రెండు వస్తువులు ఒకే చుట్ట క్రిందికి వస్తే ఒకటి మరొకదాన్ని మరుగుపరుస్తుంది. ఉప్పునీటితో తడిసిన ఇసుక తానే విద్యుద్వాహకం. దాని సంకేతం సన్నని బంగారపు సంకేతానికి సన్నిహితంగా ఉండడం దురదృష్టం. రేకులను వినబడకుండా చేసే మీటను త్రిప్పితే గొలుసు కూడా వినబడకపోవచ్చును. అలలు తాకే చోట వెదకవలసివస్తే సాధారణ యంత్రం కంటె పల్స్ ఇండక్షన్ యంత్రం గాని, ఒకేసారి పలు పౌనఃపున్యాలతో పనిచేసేది గాని మేలు.

కోరని లోహం కలుగజేసే చిక్కుకు చరిత్రలో ఒక విషాద ఉదాహరణ కలదు. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. శరీరంలో నిలిచిపోయిన గుండును కనుగొనడానికి టెలిఫోను సృష్టికర్త గ్రాహంబెల్ తీగచుట్టలతో ఒక పరికరాన్ని నిర్మించి జూలై 26న, ఆగస్టు 1న ప్రయత్నించాడు. గుండు కుడివైపున ఉన్నదని వైద్యులు నమ్మి, అటే వెదికించారు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు అస్పష్టమైన ధ్వనిని కలిగించాయి. సెప్టెంబరు 19న గార్ఫీల్డ్ మరణించాడు. శవపరీక్షలో గుండు ఎడమవైపున కనిపించింది.

ఇక ఎన్నిక మాట. పోయినది ఉంగరమో గాజో అయి, తీరం విశాలమైతే 9 నుండి 11 అంగుళాల చుట్ట అన్నివిధాల సరిపోతుంది. గొలుసుకూ, చెత్త దట్టంగా ఉన్న పార్కులకూ 6 అంగుళాలకు మించవద్దు. 15 అంగుళాల చుట్టను పొలాలలో లోతున ఉండే నిధులను వెదికేవారికి వదలిపెట్టవచ్చు. దాని బరువుకు గంటలోపే భుజం పడిపోతుంది కూడా. అమెరికా జాతీయ ఉద్యానవనాలలో ఈ యంత్రాల వినియోగం నిషిద్ధం. ఇతర తీరాలలోనూ ముందుగా అనుమతి విచారించుకోవాలి.

తీరంపై దారాలతో గళ్ళు కట్టి, ఒక్కొక్క గడిని నెమ్మదిగా, చుట్టను నేలకు దాదాపు ఆనిస్తూ వెదకాలి. గుండ్రని చుట్ట క్షేత్రం లోతుకు పోయినకొద్దీ గరాటువలె సన్నబడుతుంది. అందుచేత ప్రతి వరుస ముందటి వరుసను సగం కప్పుతూ సాగాలి. ఆరంభానికి ముందు ఇంట్లో అటువంటిదే మరొక గొలుసు ఉంటే, దానికి పొడవైన ఎర్రదారం కట్టి అదే ఇసుకలో 2 అంగుళాల లోతున పాతి, అద్దెకు తెచ్చిన చుట్ట దాన్ని వినిపిస్తుందో లేదో చూసుకోవాలి. వినిపించకపోతే ఆ చుట్టతో రోజంతా నడిచినా ప్రయోజనం లేదు. దుకాణానికి తిరిగి వెళ్ళి చిన్నది అడగాలి.