రాగి మీద వెండి

1743 ప్రాంతంలో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో కత్తుల పని చేసే థామస్ బోల్సోవర్ ఒక విశేషం కనిపెట్టాడు. వేడికి అతుక్కున్న రాగి, వెండి దిమ్మెను ఎంత సాగదీసినా రెండూ విడిపోకుండా ఒకే రేకుగా సాగుతాయి. 'షెఫీల్డ్ ప్లేట్' అలా పుట్టింది. బోల్సోవర్ దానితో ముఖ్యంగా గుండీలు, చిన్న డబ్బాలు చేశాడు. కాఫీ కూజాలు, కొవ్వొత్తి సెమ్మెలు తర్వాత వచ్చాయి. బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ ఈ పనిని పెద్ద పరిశ్రమ చేశాడు.

రేకు కోసిన చోట రాగి ఎర్రగా బయటపడేది. దాన్ని కప్పడానికి అంచు చుట్టూ సన్నని వెండి తీగ అతికేవారు. పాత పళ్లెం అంచు మీద గోటితో మెల్లగా గీస్తే ఆ అతుకు ఇప్పటికీ తగులుతుంది. ఎంత ఓపికైన పనితనమో అక్కడే తెలుస్తుంది.

1840లో బర్మింగ్‌హామ్‌కే చెందిన ఎల్కింగ్‌టన్ సోదర వరుసవారు విద్యుత్తుతో వెండి పూత వేసే పద్ధతికి పేటెంటు పొందారు. సయనైడ్ ద్రావణం ఉపయోగాన్ని కనుగొన్నది జాన్ రైట్ అనే వైద్యుడు. తయారైన వస్తువునే ద్రావణంలో ముంచి పూత వేయవచ్చు గనుక అంచుల బాధ లేదు, ఖర్చూ తక్కువ. షెఫీల్డ్ ప్లేట్ త్వరలోనే వెనకబడింది. పారిస్‌లో క్రిస్టోఫల్ సంస్థ ఇదే పద్ధతి చేపట్టింది.

చెంచాల వెనక కనిపించే 'ఇ.పి.ఎన్.ఎస్.' గుర్తుకు నికెల్ సిల్వర్ మీద విద్యుత్ పూత అని అర్థం. పేరులో సిల్వర్ ఉన్నా అది రాగి, జింకు, నికెల్ మిశ్రమమే. బల్లకు ఆనే చెంచా వీపు దగ్గర పూత ముందుగా అరుగుతుంది.