నరమున కెక్కించు విటమినులు

పెండ్లి నిశ్చయమైన ఇంట పనులకు కొదువ యుండదు. మాకు తెలిసిన యొక ఇంట ఇటీవల ఆ పనుల జాబితాలో క్రొత్తది యొకటి చేరినది. వారమున కొకమారు చొప్పున ఎనిమిది వారములు పెండ్లికూతురికి విటమినుల సీసా ఎక్కించినచో, ముహూర్తము నాటికి మేనిచాయ తేలునని, అలసట తీరునని ఎవరో చెప్పిరట. ఆ తల్లిగారు మా వద్దకు వచ్చి, "డాక్టరుగారూ, ఇవి విటమినులే గదా, మందులు కావు గదా! చేయిస్తే తప్పేముంది?" అని అడిగిరి. ఆనాడు మేము చెప్పిన సమాధానమునే కొంచెము విస్తరించి ఇచట మనవి చేయుచున్నాము.

సీసాపై మనవారికి గల విశ్వాసము నిన్నటిది కాదు. జ్వరము తగ్గి నీరసించిన మనిషిని చూచి, "ఒక సీసా ఎక్కించండి, సత్తువ వస్తుంది" అని బంధువులు వైద్యుని అడుగుట మన ఊళ్ళలో పరిపాటి. అరలీటరు సీసాలో ఐదు శాతపు గ్లూకోజు ఉన్నయెడల, అందుండునది 25 గ్రాముల చక్కెర మాత్రమే. ఒక చిన్న అరటిపండు ఇచ్చు శక్తికి అది మించదు. నేడు ఆ సీసాలోనికి బి విటమినులు, సి విటమిను, గ్లూటాథయోన్ అను పదార్థము వచ్చి చేరినవి. వీనిని రోగులకు గాక, ఆరోగ్యవంతులకు అందము కొరకు ఎక్కించుచున్నారు.

విటమినులకును చర్మమునకును సంబంధము లేదని మే మనము. చర్మమునకు బిగువు నిచ్చు కొల్లాజెను అను మాంసకృత్తు సరిగా రూపొందవలెనన్న సి విటమిను ఉండి తీరవలెను. అది బొత్తిగా లోపించినచో స్కర్వీ వ్యాధి కలిగి చిగుళ్ళు నెత్తురోడును, గాయములు మానవు. నికోటినిక్ ఆమ్లమను బి విటమిను లోపించినచో పెల్లాగ్రా కలుగును. దక్కను పీఠభూమిలో జొన్నయే ప్రధానాహారముగా గల పేదలలో ఒకప్పుడు ఈ వ్యాధి కనిపించుచుండెడిది. ఎండ తగిలిన చేతులపైనను, మెడ చుట్టును చర్మము నల్లబడి, బిరుసెక్కి, పొరలు లేచును. 1960 ప్రాంతమున హైదరాబాదులో డాక్టరు సి. గోపాలన్ గారును, వారి సహచరులును దీనిని విశేషముగా పరిశోధించిరి. ఆ విటమినును నోటి ద్వారా ఇచ్చినను ఇట్టి చర్మము కుదుటపడును. లోపమున్నచోట విటమిను చేయు మేలు ఇంతటిది. లోపము లేనిచోట దానికి చేయ పని యుండదు. నిండిన కుండలో పోసిన నీరు నేలపాలగును.

ఈ కుండ ఎంతలో నిండునో కొలిచి చూచినవారు కలరు. 1996లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో మార్క్ లెవిన్ బృందమువారు ఆరోగ్యవంతులైన ఏడుగురికి సి విటమినును వేర్వేరు మోతాదులలో ఇచ్చి పరీక్షించిరి. దినమునకు 100 మిల్లీగ్రాములతోనే రక్తములోని తెల్లకణములు నిండిపోయినవి. 200 మిల్లీగ్రాములను పేగులు దాదాపు పూర్తిగా గ్రహించినవి. 1250 ఇచ్చినప్పుడు సగము కూడ గ్రహింపలేదు. మన భారత వైద్య పరిశోధనా మండలి 2020లో నిర్ణయించిన దినసరి పరిమాణము పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు. ఒక మోస్తరు జామపండు అంతకు మించి ఇచ్చును.

అనగా పేగు మన శరీరపు వాకిట నిలిచిన కావలివాని వంటిది. కావలసినంత లోనికి రానిచ్చి, మిగిలినదానిని వెలుపలికి పంపును. నరమునకు ఎక్కించినప్పుడు ఈ కావలి తప్పిపోవును. రక్తములో విటమిను మట్టము నోటి ద్వారా ఎన్నడును చేరని ఎత్తునకు లేచును. ఇది నిజమే. ప్రచారకులు చెప్పునదియు ఇంతవరకే. వారు చెప్పనిదేమనగా, మూత్రపిండములు దానిని వెంటనే వడగట్ట నారంభించి కొన్ని గంటలలో బయటకు త్రోసివేయును.

ఈ పద్ధతికి ఆద్యుడు అమెరికాలో బాల్టిమోరు నగరపు వైద్యుడు జాన్ మయర్సు. మెగ్నీషియము, కాల్షియము, బి, సి విటమినులు కలిపి ఆయన ఎక్కించెడివారు. ఆయన 1984లో మరణింపగా, ఆ మిశ్రమమును కొనసాగించిన అలన్ గేబీ తన అనుభవములను 2002లో ప్రకటించిరి. అనుభవము వేరు, పరీక్ష వేరు. ఒళ్ళునొప్పులు, అలసటతో కూడిన ఫైబ్రోమయాల్జియా రోగులు 34 మందిపై జరిగిన పరీక్ష 2009లో వెలువడినది. కొందరికి విటమినుల సీసా, కొందరికి విటమినులు లేని లవణద్రవము ఎక్కించిరి. రెండు వర్గములవారును ఉపశమనము కలిగినదనిరి. లెక్కకు నిలుచు భేదము కానరాలేదు. పరుపుపై విశ్రాంతిగా పరుండుటయు, ఆదరించువారు ప్రక్కన ఉండుటయు కూడ ఔషధములే గదా!

ఇక చాయ సంగతి. గ్లూటాథయోన్ విటమిను కాదు. మన శరీరమే మూడు అమైనో ఆమ్లములతో దీనిని తయారు చేసికొనును. సూదిమందుగా దీనివలన చాయ మారునని చూపిన పరిశోధనలు స్వల్పము, బలహీనము. 2011లో ఫిలిప్పీను దేశపు ఔషధ నియంత్రణ శాఖ, చర్మము తెలుపు కొరకు దీనిని నరమునకు ఎక్కించుట క్షేమము కాదని హెచ్చరించినది. తీవ్రమైన చర్మవ్యాధులు, థైరాయిడు, మూత్రపిండముల వికారములు కలుగవచ్చునని అందు పేర్కొన్నది.

సి విటమినుకును హద్దు కలదు. మితిమీరిన మోతాదు ఆక్సలేటుగా మారి మూత్రపిండములలో పేరుకొనవచ్చును. పుట్టుకతో జి-6-పి-డి అను ఎంజైము కొరవడినవారికి ఎర్రకణములు పగిలిపోవచ్చును; ఆ లోపము ఉన్నట్లు పలువురు ఎరుగనే ఎరుగరు. సూది గుచ్చినచోట వాపు, శుభ్రత లేని చేతుల వలన రక్తమున చేరు క్రిములు సరేసరి.

అయినచో నరమున విటమిను ఎక్కించుట ఎన్నడును కూడదా? కూడును. పేగు పనిచేయనప్పుడును, జాగు చేసిన ప్రాణాపాయమైనప్పుడును అది వరము. మద్యపానము వలన థయామిను హరించి మతి తప్పినవానికి దానిని నరమున ఇచ్చి మెదడును కాపాడుదురు. భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ తెలుగువారికి తెలియనిది కాదు. ఆహారమును పేగు గ్రహింపనీయని స్ప్రూ వ్యాధి వారి తోబుట్టువులను బలిగొన్నది. 1945లో వారి నాయకత్వమున కృత్రిమముగా తయారైన ఫోలిక్ ఆమ్లము ఆ వ్యాధికే మందైనది. నేడు గర్భిణీస్త్రీలు దానిని చిన్న మాత్రగా నోటితోనే మ్రింగుచున్నారు.

ఆ తల్లిగారితో మేము, "అమ్మా, సీసాకు ముందు ఒక రక్తపరీక్ష చేయింపుడు" అంటిమి. అమ్మాయి హీమోగ్లోబిన్ 9 గ్రాములున్నది. మెట్లెక్కిన ఆయాసమునకు, ముఖము పాలిపోవుటకు కారణమదియే. ఎనిమిది సీసాలు ఎక్కించినను అది దాగి యుండెడిదే గాని తీరెడిది కాదు. ఇనుము మాత్రలు వ్రాసి యిచ్చి, భోజనములో నిమ్మకాయ పిండుకొనుమంటిమి. సి విటమిను ఇనుమును ఒంటబట్టించును. మాత్ర మ్రింగిన గంట వరకు కాఫీ, టీలు త్రాగవలదంటిమి.

పెండ్లినాటికి అమ్మాయి చాయ మారలేదు. మారవలసిన అవసరమును లేదు. బుగ్గలలో నెత్తురు కనబడినది. అప్పగింతల వేళ తల్లి మాతో ఆ మాటయే చెప్పి కన్నులు తుడుచుకొనెను.