ఎడారిలో వాన, సైకిలుకు మడ్‌గార్డు



“వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవు” అని మన పెద్దలు చెప్పేవారు. ఈ సామెతను మేము ఊరి సమాజపు తెలుగు తరగతిలో బల్ల మీద కూర్చుని వల్లించినాము. దాని అర్థము మాత్రము చాలా ఏళ్ళ తరువాత, ఎమిరేట్సు దేశములో, సైకిలు మీద కూర్చున్నప్పుడు బోధపడినది.

మా మేనల్లుడు దుబాయిలో ఉద్యోగము చేయుచున్నాడు. డిసెంబరు సెలవులలో మేము అతని యింటికి వెళ్ళినాము. “మామయ్యా, హత్తా కొండలకు పోదాము, మీకు తేలిక దారి చూపిస్తాను” అన్నాడు. హత్తా దుబాయి ఎమిరేటుకు చెందిన కొండ ఊరు, హజర్ పర్వతములలో నున్నది. అక్కడ కొండ సైకిళ్ళ కొరకు ప్రత్యేకముగా దారులు వేసినారు. తేలిక దారికి ఆకుపచ్చ గుర్తు, తరువాత నీలము, ఎరుపు, అన్నిటికన్న కష్టమైన దానికి నలుపు. మేము ఆకుపచ్చ గుర్తు దాటలేదు.

దారి మధ్యలో వాన వచ్చినది. పది నిమిషములే కురిసినది. కాని ముందు చక్రము చిమ్మిన ఇసుక నీరు మేనల్లుని కళ్ళలో పడినది. దారి కానరాక అతడు ఒక రాతికి తగిలి పడినాడు. మోచేయి గీసుకొనుటతో పోయినది. అతని సైకిలు చాలా ఖరీదైనది, అయినను దానికి మడ్‌గార్డు లేదు. “ఎడారిలో మడ్‌గార్డు ఎందుకు మామయ్యా?” అని అంతకు ముందే నవ్వినాడు.

మా తండ్రిగారు చెరకు తోటకు వెళ్ళిన పాత సైకిలుకు రెండు ఇనుప రేకు మడ్‌గార్డులు ఉండేవి. అవి లేని సైకిలును ఆయన సైకిలనే అనేవారు కారు. ఆ మాట గుర్తు వచ్చి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఎడారిలో వాన యెంత?

ఎమిరేట్సులో ఏడాది మొత్తమునకు సగటున 100 మిల్లీమీటర్ల వానయే. మన మారిషస్‌లో సుమారు 2000 మిల్లీమీటర్లు. అక్కడ వాన ఎక్కువగా డిసెంబరు నుండి మార్చి వరకు పడును. కాని 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ ప్రాంతపు ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటల లోపే 254.8 మిల్లీమీటర్లు కురిసినది. 1949లో లెక్కలు మొదలైనప్పటి నుండి అంత వాన లేదు. దుబాయి విమానాశ్రయములో సైతము నీరు నిలిచినది. అరుదుగా వచ్చు వానకే మనము సిద్ధముగా ఉండము. అందుచేత అదే ఎక్కువ హాని చేయును.

బురద మీదికి ఎట్లు వచ్చును?

చక్రము తిరుగునప్పుడు టైరుకు అంటిన నీరు అంచు నుండి తిన్నగా విడిపోవును. బడిపిల్లలు తడి బొంగరము త్రిప్పినప్పుడు చుక్కలు ఎగురును గదా, అట్లే. చక్రము పైభాగము సైకిలు వేగమునకు రెండింతల వేగముతో ముందుకు పోవును. కనుక ముందు చక్రము నీటిని పైకి, ముందుకు విసరును. ఆ చుక్కలు గాలికి నెమ్మదించగా మనము వెళ్ళి వాటిలో మొగము పెట్టెదము. వెనుక చక్రపు నీరు మన వీపున పడును. ముందు మడ్‌గార్డు కళ్ళను కాపాడును, వెనుకది బట్టలను కాపాడును. రెండింటికి డబ్బు లేనియెడల ముందుది మొదట కొనవలెను.

ఎమిరేట్సులో మరొక సంగతి గలదు. అచటి బురదలో మెత్తని ఇసుక ఎక్కువ, సముద్రము దగ్గరి నేలలో ఉప్పు కూడ ఉండును. తడి ఇసుక గొలుసును, ముందు ఫోర్కు రబ్బరు సీళ్ళను ఉప్పుకాగితము వలె అరుగదీయును.

ఏది కొనవలెను?

మొదటి రకము నిండు మడ్‌గార్డు. కడ్డీలతో చక్రము చుట్టూ చాలా భాగము కప్పును. తారు రోడ్డు మీద రోజూ పనికి పోవువారికి ఇదియే మేలు. కాని కొండ దారిలో పుల్లయో రాయియో టైరుకు, రేకుకు మధ్య ఇరుక్కొనిన ముందు చక్రము ఒక్కసారిగా ఆగిపోవును, మనిషి హ్యాండిలు మీదుగా పడును. అందుకే మంచి వాటిలో ముందు కడ్డీలు ఒత్తిడికి తామే ఊడివచ్చు కొక్కెములుండును. అవి ఉన్నవో లేవో చూచి కొనవలెను. పైగా చాలా కొండ సైకిళ్ళకు కడ్డీలు బిగించు రంధ్రములే ఉండవు.

రెండవ రకము సీటు కడ్డీకి పట్టీతో బిగించు వెనుక మడ్‌గార్డు. తీయుట, పెట్టుట సులభము. సీటు మీటతో క్రిందికి దిగు రకమైనచో జారెడి మెరుపు గొట్టమునకు దీనిని బిగించరాదు, గొట్టము గీతలు పడి చెడును.

మూడవ రకము ముందు ఫోర్కు వంపు క్రింద ప్లాస్టిక్ టైలతో కట్టు చిన్న రెక్క. ఇది కాళ్ళను కాపాడదు, కళ్ళను కాపాడును. బరువు తక్కువ, ధర తక్కువ. హత్తా వంటి చోటికి ఇదియే తగినది.

కొలత మరువరాదు. కొండ సైకిలు చక్రములు 26, 27.5, 29 అంగుళములు అని మూడు రకములు. 2.4 అంగుళముల టైరు సుమారు 61 మిల్లీమీటర్ల వెడల్పు ఉండును. నిండు మడ్‌గార్డు దానికన్న ఇరువైపుల కనీసము 5 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండవలెను.

బిగించు విధము

1. ఫోర్కును కడిగి తుడిచి ఆరనివ్వవలెను. ఇసుక మీద కట్టిన టై రంగును గోకివేయును. టై తగులు చోట పారదర్శక టేపు అంటించుట మంచిది.

2. రెక్కను ఫోర్కు క్రింది కాళ్ళకు, వంపుకు మాత్రమే కట్టవలెను. ఆ భాగము చక్రముతోనే పైకి క్రిందికి కదులును, కనుక ఖాళీ మారదు. పైన జారు గొట్టములకు కట్టరాదు. బ్రేకు గొట్టమును టైలో నొక్కరాదు.

3. టైరుకు, రెక్కకు మధ్య ఒక వ్రేలు దూరును అన్నంత ఖాళీ ఉండవలెను. జిగట బురద దారియైన ఇంకను ఎక్కువ.

4. టైల తలలు టైరు వైపు రాకుండ త్రిప్పి, మిగిలిన తోకలను మొదలంటా కోయవలెను. పొడవుగా వదలిన తోక చర్మము కోయును.

5. హ్యాండిలును రెండువైపుల చివరి వరకు త్రిప్పి చూడవలెను. చక్రమును గాలిలో త్రిప్పి చెవి పెట్టి వినవలెను. ఫోర్కు పైభాగమునకో, ఫ్రేముకో, సీటుకో బిగించినదైతే షాకులోని గాలి తీసి సైకిలును పూర్తిగా అణచి, టైరు తగులునేమో చూచి, మరల గాలి నింపవలెను.

6. అచటి ఎండ 45 డిగ్రీలు దాటును. ఎండకు ప్లాస్టిక్ పెళుసగును. వాన కాలమునకు ముందు వంచి చూచి, చీలిక కనిపించిన మార్చవలెను. తడిసిన ప్రతిసారి మంచినీటితో కడిగి, గొలుసుకు నూనె వేయవలెను.

డబ్బు లేనివారి మడ్‌గార్డు

తరువాత షార్జా పారిశ్రామిక వాడలో ఒక కార్మికుని చూచినాము. అతని పాత సైకిలు వెనుక, నూనె డబ్బా ప్లాస్టిక్ కోసి తీగతో కట్టిన మడ్‌గార్డు ఉన్నది. మేము తెలుగులో మెచ్చుకొనగానే అతడు ఆశ్చర్యపడి, “సారూ, మీరు తెలుగోళ్ళా? ఏ ఊరు?” అన్నాడు. అతనిది జగిత్యాల దగ్గరి పల్లె. మారిషస్ అని చెప్పినాము. “అక్కడ గూడ మనోళ్ళున్నరా?” అని అడిగి, “డ్యూటీకి తడిసిపోతే దినమంతా తడి బట్టలే సారూ, గందుకే కట్టుకున్న” అన్నాడు. మన తాతలు చెరకు తోటలలో తడి గోనెపట్టా కప్పుకొని నిలిచిన మాట మాకు జ్ఞాపకము వచ్చినది. మా మేనల్లునికి మడ్‌గార్డు ఆటవస్తువు, ఈ తమ్మునికి ఆరోగ్యము. ఇట్టిది చేసికొనువారు కోసిన అంచులను నునుపు చేసి, తీగ కొన చక్రము వైపు లేకుండ చూచుకొనవలెను.

మడ్‌గార్డు చేయలేని పని

చివరి మాట అన్నిటికన్న ముఖ్యము. కొండలలో ఎండిన వాగును అరబ్బులు వాదీ అందురు. ఎక్కడో పైన కురిసిన వానకు, మన నెత్తిన చుక్క పడకుండగనే, అందులోనికి వరద దూకును. 2023లో అచటి ప్రభుత్వము వాన వేళ వాదీల దగ్గర గుమికూడిన వారికి 1000 దిర్హములు, పారుచున్న వాదీలోనికి వాహనము దించిన వారికి 2000 దిర్హములు జరిమానా నిర్ణయించినది. ఇది మనకు క్రొత్త పాఠము కాదు. 2013 మార్చి 30న పోర్టు లూయీ వరదలో 11 మంది మరణించినారు. మబ్బు కనిపించిన వాగు దారి విడిచి, సైకిలును చేతపట్టి, గట్టు ఎక్కవలెను.

మా మేనల్లుడు మరుసటి వారమే ముందు రెక్క కొన్నాడు. మేము దగ్గర కూర్చుని కట్టించినాము. ఇప్పుడు మబ్బు పట్టిన రోజున హత్తాకు వెళ్ళుట మానినాడు. ఆ రెండవ పని చూచియే మేము ఎక్కువ సంతోషించినాము.