మైనస్ ఎనభై ఖర్చు

జీవశాస్త్ర ప్రయోగశాలలో కరెంటు ఎక్కువ తాగేది ఏదని అడిగితే చాలామంది సెంట్రిఫ్యూజ్ వైపో ఆటోక్లేవ్ వైపో చూస్తారు. ఆ రెండూ పని ఉన్నప్పుడే నడుస్తాయి. పండగా పబ్బం లేకుండా రాత్రింబవళ్లు నడిచేది మూలనున్న డీప్ ఫ్రీజర్. ల్యాబుల్లో దానికి పేరంటూ లేదు, "మైనస్ ఎయిటీలో పెట్టు" అంటారంతే. పాత మోడలయితే రోజుకు 20 యూనిట్లకు పైనే లాగుతుంది. మధ్యతరగతి ఇంటికి రెండు మూడు రోజులు వచ్చే కరెంటు అది.

ఎందుకంత? ఇంట్లో ఫ్రిజ్‌కు ఒకటే కంప్రెసర్. అది వాయువును నొక్కుతుంది, నొక్కిన వాయువు వేడిని గదిలోకి వదిలి ద్రవమవుతుంది, ఆ ద్రవం లోపల ఆవిరవుతూ చలి పుట్టిస్తుంది. మైనస్ 80కి దిగాలంటే అంతకన్నా కింద మరిగే వాయువు కావాలి. ఈథేన్ మైనస్ 89 దగ్గర మరుగుతుంది. కానీ 32 డిగ్రీలు దాటాక దాన్ని ఎంత నొక్కినా ద్రవం కాదు. మన ఏప్రిల్ నెలలో ఏసీ లేని గది ఆ గీత ఎప్పుడో దాటేసి ఉంటుంది. అందుకని ఫ్రిజ్‌ను చల్లబరచడానికి ఇంకో ఫ్రిజ్ పెట్టారు. మొదటి కంప్రెసర్ ప్రొపేన్‌తో మైనస్ 30, 40ల దాకా దింపుతుంది. రెండోదాంట్లోని ఈథేన్ తన వేడిని గదిలోకి కాక ఆ చల్లటి చోట వదిలి ద్రవమవుతుంది. ఇదే కాస్కేడ్ పద్ధతి. రెండు కంప్రెసర్లు, ఇద్దరి తిండి.

ఈ ఎత్తుగడ ఫ్రీజర్ల కంపెనీలది కాదు. 1877 డిసెంబరులో జెనీవాలో రావుల్ పిక్టే సల్ఫర్ డయాక్సైడ్‌తో కార్బన్ డయాక్సైడ్‌ను, దాంతో ఆక్సిజన్‌ను చల్లబరిచి, అంతవరకూ ఎవరికీ లొంగని ఆక్సిజన్‌ను ద్రవం చేశానని ప్రకటించాడు. అదే పని వేరే దారిలో చేసిన లూయీ కైలెటే ఫ్రాన్సులో ఉన్నాడు. ఇద్దరి సంగతీ ఫ్రెంచి అకాడమీ ఒకే రోజు సమావేశంలో వింది. తర్వాత లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ ఆ మెట్ల పద్ధతినే పెంచి, ద్రవీకరించిన వాయువులను పరిశోధనకు ఎప్పుడంటే అప్పుడు దొరికేలా చేశాడు.

మధ్యలో గ్యాసుల గొడవ ఒకటుంది. క్లోరిన్ ఉన్న వాయువులు ఓజోన్ పొరను తింటున్నాయని 1987 మాంట్రియల్ ఒప్పందం వాటిని ఇంటికి పంపింది. వాటి స్థానంలో వచ్చినవి ఓజోన్ జోలికి పోలేదు గానీ, భూమిని వేడెక్కించడంలో ఘనమైనవి. కింది మెట్టులో వాడిన ఆర్-508బి కిలో బయటపడితే 13 టన్నులకు పైబడిన కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇప్పుడు నడుస్తున్న ప్రొపేన్, ఈథేన్‌లు ఆ లెక్కలో దాదాపు నిరపాయం. మంట అంటుకునేవే, అయితే ఫ్రీజర్లో ఉండేది గుప్పెడు గ్రాములే. పైగా తక్కువ కరెంటుతో అంతే చలినిస్తాయి.

రెండు కంప్రెసర్లూ అక్కర్లేదన్నవాళ్లూ ఉన్నారు. స్కాట్లాండులో చర్చి ఫాదరీ రాబర్ట్ స్టిర్లింగ్ 1816లో పేటెంటు తీసుకున్న ఇంజన్‌ను తిరగేస్తే, అంటే మోటారుతో తిప్పితే, చలి వస్తుంది. ఒహాయోలోని ఏథెన్స్ అనే చిన్న ఊళ్లో విలియం బీల్ దాన్ని క్రాంకు లేకుండా, హీలియంలో తేలే పిస్టన్‌తో నడిపాడు. అతని సన్‌పవర్ కంపెనీ కూలర్ 2002లో నాసా రెస్సీ ఉపగ్రహం ఎక్కింది. అదే ఊళ్లో ఆ జాతి కూలర్‌తో ల్యాబు ఫ్రీజర్లూ తయారయ్యాయి. నూనె లేదు, అవసరాన్ని బట్టి జోరు పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. కాస్కేడ్ వాళ్లూ ఊరుకోలేదు, ఇన్వర్టర్ కంప్రెసర్లు తెచ్చారు. నేటి మంచి ఫ్రీజర్ ఏ రకమైనా రోజుకు 7 నుంచి 9 యూనిట్లలో సరిపెడుతుంది.

అసలు మైనస్ 80 ఎందుకు? జీవశాస్త్రం గీసిన గీత కాదది. కణాల్లో రసాయన చర్య దాదాపు పూర్తిగా ఆగాలంటే మైనస్ 130 దాటాలి. అందుకే ద్రవ నైట్రోజన్. పాత పరిశోధన పత్రాలు తిరగేస్తే "మైనస్ 70లో భద్రపరిచాం" అనే కనబడుతుంది. యంత్రం ఇంకా దిగగలదని తెలిశాక అంకె కూడా దిగింది. అమెరికాలో బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయం మళ్లీ మైనస్ 70కి రమ్మని ప్రచారం చేసి, ఆ చలిలోనే భద్రంగా ఉన్న నమూనాల జాబితా కూడా తయారుచేసింది. ఆ పది డిగ్రీల మార్పుతో ఖర్చులో నాలుగో వంతుకు పైగా మిగులుతుంది. కంప్రెసర్ ఆయుష్షూ పెరుగుతుంది. 2020లో మైనస్ 70 అంటూ ప్రపంచాన్ని హడలగొట్టిన ఫైజర్ టీకాను సైతం మామూలు ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచవచ్చని 2021 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో జొన్న, శనగ విత్తనాలను ఏళ్ల తరబడి కాపాడుతున్నది మైనస్ 20 గదులే. ఏళ్ల తరబడి దాచాల్సిన ఆర్‌ఎన్‌ఏకు మైనస్ 20 చాలదు, నిజమే. కానీ ఏ పెట్టెలో ఏముందో చూడకుండా అన్నిటికీ ఒకటే చలి పెట్టడం అలవాటే తప్ప శాస్త్రం కాదు.

అలాగని పొదుపొక్కటే చూడరాదు. 2020 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని రెన్సెలర్ పాలిటెక్నిక్‌లో ఒక ఫ్రీజర్ మైనస్ 78కి ఎక్కి అలారం మోగించింది. కోవిడ్ ఆంక్షల్లో మెకానిక్ రావడం ఆలస్యమైంది. నమూనాలకు ముప్పు లేదని తేల్చుకుని, మోత ఎలా ఆపాలో రాసి తలుపు మీద అంటించారు. ఊడ్చడానికి వచ్చిన మనిషి ఆ మోత భరించలేక, మేలు చేస్తున్నాననుకుని బ్రేకర్ కట్టేశాడు. తెల్లారి చూస్తే మైనస్ 32. ఇరవై ఏళ్ల పరిశోధన పోయిందంటూ సంస్థ ఆ పారిశుద్ధ్య కంపెనీ మీద పది లక్షల డాలర్లకు దావా వేసింది. ఫ్రీజర్ ధర ఆ మొత్తంలో ఏ మూలకు? అలారం ఎవరి ఫోనుకు వెళుతుంది, అర్ధరాత్రి సామాన్లు మార్చడానికి ఖాళీ అర ఉందా అన్నవి కూడా కొనేటప్పుడే అడగాల్సిన ప్రశ్నలు.

మన దగ్గర అవి అడిగే తీరిక టెండరుకు ఉండదు. ఎల్-వన్, అంటే ధర తక్కువ కోట్ చేసినవాడిదే గెలుపు. యూనిట్ పది రూపాయలనుకుంటే, 20 యూనిట్ల ఫ్రీజరుకూ 9 యూనిట్లదానికీ ఏడాదికి తేడా 40 వేలు. అది లాగిన ప్రతి యూనిటూ చివరికి గదిలో వేడే కాబట్టి, దాన్ని బయటికి తోయడానికి ఏసీ బిల్లు అదనం. కొన్నది ఒక పద్దు, కరెంటు ఇంకో పద్దు. కొన్న కమిటీకి ఆ బిల్లు మొహం తెలియదు.

కొత్తది కొనే స్తోమత లేకపోతే పాతదాని సేవ చేసుకోవచ్చు. తలుపు తీయగానే తెల్లటి పొగ కిందికి జారుతుంది. అప్పుడు లోపలికి దూరిన తేమే అరల అంచుల మీద వేలెడు మందం మంచవుతుంది. మూసిన వెంటనే మళ్లీ లాగితే రాదు, వెచ్చటి గాలి లోపల కుంచించుకుని తలుపును పట్టేస్తుంది. ఆ గుంజులాటలో రబ్బరు గ్యాస్కెట్ చిరిగితే చలి కారుతూనే ఉంటుంది. మంచును చెక్క గరిటెతో గీకడం, కింద ఫిల్టరుకు పట్టిన దుమ్ము దులపడం, పీహెచ్‌డీ ముగించి వెళ్లిపోయిన వాళ్లు వదిలేసిన, పేరు చెరిగిన డబ్బాలను తేల్చడం. పైసా ఖర్చు లేని పనులివి, అందుకే ఎవరికీ పట్టవు.

ఇక కొనేవాళ్లయితే టెండరులో ఒక వాక్యం చేర్చాలి: మైనస్ 75 దగ్గర రోజుకు ఎన్ని యూనిట్లు? కంపెనీ ఏదో అంకె చెబుతుంది. గది ఎంత వేడిగా ఉన్నప్పుడు, తలుపు ఎన్నిసార్లు తెరిచి కొలిచారో కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి.