నవ్వు ఎవరి మీద? సరిహద్దు పల్లెలో హాస్యకథ రాయాలనుకునే వారికి

ప్రాణహిత గోదావరిలో కలిసే చోట నివసించే మనకు హాస్యకథకు కావలసిన సరుకు కొదువ లేదు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో రెండూ కలగలసిన మాట. వంతెన దాటి కాళేశ్వరం వైపు వెళితే మన తెలుగులోని మరాఠీ పదాలకు నవ్వుతారు. చంద్రపూర్ వెళితే మన మరాఠీలోని తెలుగు తీరుకు నవ్వుతారు. తెలుగు సినిమాలు చాలాకాలం తెలంగాణ యాసను రౌడీకో, విదూషకుడికో అంటగట్టిన సంగతి కూడా పాఠకులకు తెలియనిది కాదు. అందుచేత సిరొంచా పరిసరాల నుంచి హాస్యకథ రాయబూనే యువకుడు కలం పట్టకముందే ఒక విషయం తేల్చుకోవాలి. తాను నవ్వించబోయేది ఎవరిని చూసి? తన అమ్మమ్మ మాటతీరును చూసి అయితే ఆ పని ఇతరులు ఇదివరకే చేస్తున్నారు, కొత్తగా ఆయన చేయనక్కరలేదు.

యాసను వెక్కిరిస్తే వచ్చే నవ్వు ఒక్క వాక్యంతో అయిపోతుంది. పాత్ర మీద పుట్టిన నవ్వు కథ పొడవునా నడుస్తుంది. దీనికి మన భాషలోనే మంచి ఉదాహరణ మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిస్టర్ పార్వతీశం’. తొలి భాగం 1924లో వెలువడింది. మొగల్తూరు కుర్రవాడు పార్వతీశం బారిస్టరు చదువుకై సీమకు బయలుదేరి, దారిలో తెలియక ఆడవారి టోపీ కొని ధరిస్తాడు. టోపీ ఒక్కటే అయితే అది చిన్న చమత్కారం. పార్వతీశానికి తాను సరిగ్గానే ఉన్నానన్న నమ్మకం ఉంది, ఎంత దూరమైనా వెళ్ళి పెద్దవాణ్ణి కావాలన్న కోరిక ఉంది. ఆ రెండూ టోపీ కింద ఉన్నందువల్లనే మనం నవ్వుతూనే అతని పక్షాన నిలబడతాం. నరసింహశాస్త్రిగారు స్వయంగా ఎడింబరోలో చదివినవారు. కొత్తచోట తెల్లబోవడం అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

గురజాడవారి గిరీశం సంగతి వేరు. అతడు మోసగాడు. అయినా నాటకం మొదట్లోనే అప్పుల బాధతో ఊరు విడిచే ఏర్పాటులో కనిపిస్తాడు. అతని డాంబికాల వెనుక ఒక అవసరం ఉంది గనుకనే అవి నమ్మదగినవిగా ఉంటాయి. 1892లో ప్రదర్శించి, 1897లో అచ్చువేసిన ‘కన్యాశుల్కా’న్ని గురజాడ 1909 నాటికి ఎంతో పెంచి తిరగరాశారు. మొదటి ప్రతినే తపాలాలో వేసే మన ఉత్సాహవంతులు ఈ మాట గమనింతురు గాక.

బడిలో మరాఠీ చదివిన మన పిల్లలకు మరో నిధి కూడా అందుబాటులో ఉంది. పు. ల. దేశ్‌పాండే రాసి, వేదికలపై తానే వినిపించిన ‘మ్హైస్’ అన్న కథలో ఒక ఎస్టీ బస్సుకు బర్రె అడ్డం వస్తుంది, బస్సు ఆగిపోతుంది. కథలోని సంఘటన దాదాపు అంతే. ఆగిన బస్సులోంచి దిగిన ఒక్కొక్క ప్రయాణికుడు తన స్వభావాన్ని బయటపెడుతూ పోతాడు. అహేరి దారిలో ఎస్టీ బస్సు ఆగినప్పుడు మనమూ ఆ జనాన్ని చూసినవారమే.

ఇప్పుడు మన ఊరి సరుకుతో ఒక కథను అల్లి చూద్దాం. తెలుగులో ‘నాకు’ అంటే నాకు కావాలని అడగడం. మరాఠీలో ‘నకో’ అంటే వద్దు. ఈ రెండూ చెవికి దగ్గరగా ఉంటాయి. మాటల తికమక ఒక్కటే కథ కాజాలదు, ఒక మనిషి కావాలి.

ఒక పెద్దయ్యను ఊహించుకుందాం. మనవడి పెండ్లికి బృందంతో చంద్రపూర్ వైపు బయలుదేరాడు. బస్సులోనే పిల్లలతో, “నా మరాఠీకి ఎవరి సాయమూ అక్కరలేదు, అక్కడ నా తరఫున ఎవరూ మాట్లాడవద్దు” అని శాసించాడు. కథకు పునాది ఈ గర్వమే. బంతిలో కూర్చున్నాడు. ఆకలి వేళ నోటికి తల్లిభాషే వస్తుంది. పూరీలు తెచ్చిన కుర్రవాడితో “నాకు” అన్నాడు. కుర్రవాడు ‘నకో’ అని విని, మర్యాదగా పక్క విస్తరికి జరిగాడు. జిలేబీ వచ్చింది. ఈసారి పెద్దయ్య గట్టిగా “నాకూ!” అన్నాడు. కుర్రవాడు జడిసి రెండు విస్తళ్ళు దాటేశాడు. నిశ్చితార్థం నాడు మాటామాటా అనుకున్న సంగతి పెద్దయ్యకు జ్ఞాపకం వచ్చింది. ఇది ఆ కక్షే అనుకున్నాడు.

వరుడి తాత అన్నం ముట్టలేదన్న వార్త వంటశాల దాకా పాకింది. వధువు తండ్రి చేతులు జోడించి వచ్చి, మా వల్ల తప్పేమిటని అడిగాడు. అప్పటికి పెద్దయ్యకు జరిగినది అర్థమైంది. కాని ఒప్పుకుంటే బస్సులో అన్న మాట ఏమవుతుంది? “అబ్బే, ఈరోజు నాకు ఉపవాసం” అనేశాడు. ఇక్కడ కథ మలుపు తిరగాలి. ఆ మలుపు పాత్ర తన చేతులారా తెచ్చుకున్నదై ఉండాలి. వధువు తల్లి సంతోషించి, ఉపవాసానికి సాబుదాణా ఖిచిడీ చేస్తామని సగ్గుబియ్యం నానబోసింది. అవి నానడానికి గంటలు పడుతుంది. తిరుగు బస్సు అరగంటలో ఉంది.

బస్సు సగం దూరం వచ్చాక ముసలమ్మ కొంగుముడి విప్పింది. అందులో నాలుగు పూరీలు, రెండు జిలేబీలు. ఎదుటి వరుసలో కూర్చుని ఆమె అన్నీ విన్నది. ఒక పూరీ చేతికి అందిస్తూ, “నకోనా?” అని అడిగింది.

ఈ కథలో మరాఠీ మాట్లాడేవారెవరూ చెడ్డవారు కారు, తెలుగువారెవరూ వెర్రివారు కారు. అందరూ మర్యాదగా ప్రవర్తించినందువల్లనే పెద్దయ్య పస్తున్నాడు. మధ్యలో ఏ మెట్టు తీసివేసినా కథ కూలిపోతుంది: బస్సులో శాసనం లేకపోతే పక్కన కూర్చున్నవాడు సర్దిచెప్పేవాడు, ఉపవాసం అబద్ధం లేకపోతే భోజనం వచ్చేది. ముసలమ్మను మాత్రం మొదట్లో ఒకసారి చూపించి వదిలేయాలి. ఆమె నవ్వినట్టు ముందే రాస్తే చివరి మాటకు పదును పోతుంది.

వడ్డించే కుర్రవాణ్ణి కూడా బొమ్మలా నిలబెట్టరాదు. అతనికి ఒక పేరు, ఒక తొందర ఉండాలి. బహుశా మరునాడు అతనికి పరీక్ష ఉంది. పెద్దలు ‘నకో’ అంటే రెండోసారి అడగవద్దని యజమాని ఉదయమే హెచ్చరించి ఉంటాడు.