పొట్లంలో ప్రపంచం

తెల్లటి గుడ్డ పరిచిన బల్ల. దాని మీద టర్కీ కోడితో చేసిన వంటకం, తొక్క ఒలిచిన నిమ్మకాయ, పింగాణీ గిన్నె, రొట్టె... పక్కనే కాగితం పొట్లంలో మిరియాలు. అచ్చం మన కిరాణా కొట్టు పొట్లంలాగే! మనిషి మాత్రం ఎక్కడా లేడు.

డచ్ చిత్రకారుడు పీటర్ క్లాస్ 1627లో వేసిన ఈ బొమ్మ ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. ఇలా కదలని వస్తువుల్ని చిత్రించడమే 'స్టిల్ లైఫ్'. అప్పటిదాకా యూరప్ చిత్రకళలో పెద్దపీట దేవుళ్లదీ రాజులదీ. 17వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లో కథ మారింది. అక్కడి ప్రొటెస్టెంట్ చర్చిలకు బొమ్మలతో పనిలేదు. సముద్ర వ్యాపారంతో చేతిలో డబ్బు ఆడుతున్న మామూలు వర్తకులే ఇంటి గోడలకోసం చిత్రాలు కొనసాగారు. దాంతో భోజనాల బల్లకీ బొమ్మలో చోటు దొరికింది.

అందులో ప్రతి వస్తువూ ఓ చిరునామానే. పింగాణీ చైనాది. టర్కీ కోడి పుట్టిల్లు అమెరికా ఖండం. మిరియాలు ఆసియా నుంచి ఓడెక్కినవి. వాటి వెనక మన తీరం కూడా ఉంది! 1602లో పుట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీ కొద్ది ఏళ్లకే మచిలీపట్నంలో దిగింది. ఇక్కడి నేత బట్టలు కొని, ఇండొనేషియా దీవులకు తీసుకెళ్లి, వాటికి బదులుగా సుగంధద్రవ్యాలు తెచ్చుకునేది.

అన్నీ బేరాలే కావు. 1621లో జాజికాయలు పండే బాందా దీవుల్ని కంపెనీ ఆక్రమించినప్పుడు అక్కడి జనంలో అత్యధికులు చనిపోయారు, బానిసలయ్యారు, లేదా పారిపోయారు. ఆ రక్తపు మరక ఏ తెల్లటి గుడ్డ మీదా కనిపించదు.

అదే కాలపు చిత్రకారిణి క్లారా పీటర్స్ ఓ చమత్కారం చేసింది. తను గీసిన లోహపు కూజాల మెరుపులో తన ముఖాన్నే చిన్న చిన్న ప్రతిబింబాలుగా దాచింది. గీసిన చెయ్యి ఎవరిదో అలా తెలిసింది. మిరియాలు కోసినవాళ్లకూ, బట్ట నేసినవాళ్లకూ ఆపాటి చోటు కూడా దక్కలేదు.

ఈ పూట భోజనమయ్యాక బల్ల సర్దేముందు ఒక్కసారి చూడండి. స్టీలు గ్లాసు, ఆవకాయ సీసా, బీపీ మాత్రలు, సెల్‌ఫోన్ ఛార్జరు... మనమెవరమో చెప్పడానికి అవి చాలు. వాటిని మన ఇంటిదాకా చేర్చిన చేతుల గురించి మాత్రం మనమే చెప్పుకోవాలి, పిల్లలకీ చెప్పాలి.