డీవీడీలో నాన్న ఉన్న నలభై నిమిషాలు: బొమ్మ చెడకుండా కత్తిరించడం ఎలా

ఈ వారం ఎపిసోడ్ విన్నాక చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, ఆ సాఫ్ట్‌వేర్ పేర్లు చెవికి ఎక్కలేదు, రాసి పెట్టండి, డ్యూటీ దిగాక తీరిగ్గా చూసుకుంటాం" అని. అందుకే ఇది. ట్రాన్‌స్క్రిప్ట్ కింద ఉంది. ఎపిసోడ్‌లో హడావుడిగా దాటేసిన సంగతులు మాత్రం ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను.

ముందు ప్రశ్న గుర్తు చేస్తాను. అడిగింది సింగపూర్ షిప్‌యార్డ్‌లో పనిచేసే ఒక తమ్ముడు. ఇల్లు యాంగోన్‌లోని సంచౌంగ్. కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడెక్కి బర్మా వెళ్లిన కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. ఆ రేవు పేరు మీదే అప్పట్లో రంగూన్‌లో తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. అక్క పెళ్లికి ఇతనికి సెలవు దొరకలేదు. తర్వాత నాన్న పోయారు. ఇప్పుడు నాన్న నడుస్తూ, నవ్వుతూ, మాట్లాడుతూ కనిపించేది ఆ పెళ్లి డీవీడీ ఒక్కదాంట్లోనే. మూడు గంటల డిస్క్ అది. అందులో నాన్న ఉన్న భాగాలు నలభై నిమిషాలు వస్తాయట. అవి మాత్రం తీసి ఇమ్మని అక్క దగ్గర్లోని ఒక షాపులో ఇచ్చింది. వాళ్లు ఇచ్చిన ఫైల్ చూసి ఇతను పంపిన వాయిస్ మెసేజ్ ఇది: "డిస్క్‌లో నాన్న ముఖం బాగానే ఉంది అన్నా. వీళ్లు ఇచ్చిన దాంట్లో మీసం కూడా కనపడట్లేదు."

షాపు వాళ్లు కావాలని పాడు చేశారని కాదు. మనం "కత్తిరించండి" అంటే వాళ్ల సాఫ్ట్‌వేర్ కత్తిరించదు. వీడియో మొత్తం విప్పి, మళ్లీ కొత్తగా నొక్కి మూట కడుతుంది. తేడా అక్కడే వస్తుంది.

డీవీడీలో ఉన్న బొమ్మ ముందే బాగా నొక్కిన బొమ్మ. ఆ పద్ధతి పేరు ఎంపెగ్-2. ఏమీ నొక్కకుండా దాచాలంటే ఆ సైజు వీడియోకి సెకనుకి దాదాపు 124 మెగాబిట్లు కావాలి. డీవీడీ నియమాల ప్రకారం బొమ్మకి గరిష్ఠంగా ఇవ్వగలిగింది 9.8 మెగాబిట్లే. మామూలు 4.7 జీబీ డిస్క్‌లో మూడు గంటలు పట్టించారంటే లెక్క వేయండి: సౌండ్‌తో కలిపి సెకనుకి మూడున్నర మెగాబిట్లు కూడా రావు. అంటే అసలులో ముప్పై ఐదో వంతు. అంత పిండేసిన దాన్ని మళ్లీ పిండితే మీసం, చీర జరీ, పందిట్లో మామిడాకుల అంచులు లాంటి సన్నటివే ముందు పోతాయి. ఒకసారి పోయినవి తర్వాత ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ పెట్టినా రావు. ఏఐతో బాగుచేస్తాం అనేవాళ్లు ఉన్నారు. అది చూపించేది ఊహించి గీసిన మీసం, నాన్న మీసం కాదు.

మరి మళ్లీ నొక్కకుండా కత్తిరించడం కుదురుతుందా? కుదురుతుంది, కానీ ఎక్కడ పడితే అక్కడ కాదు. దీన్ని కిరాణా కొట్టు ఖాతా పుస్తకంతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. కొట్టువాడు ప్రతి పేజీలో మొత్తం బాకీ రాయడు. ఒక పేజీలో "మొత్తం 4,200" అని రాస్తాడు. తర్వాత పేజీల్లో "నిన్నటి మీద 60 పెరిగింది", "100 జమ" అని మార్పులే రాస్తాడు. కొన్నాళ్లకి మళ్లీ ఒక మొత్తం. డీవీడీ వీడియో కూడా అంతే. మొత్తం బొమ్మ ఉన్న ఫ్రేమ్‌ని ఐ-ఫ్రేమ్ అంటారు. ముందు బొమ్మతో పోలిస్తే ఏం మారిందో మాత్రమే రాసుకున్నది పి-ఫ్రేమ్. ముందూ వెనకా రెండూ చూసుకునేది బి-ఫ్రేమ్. మొత్తం రాసిన పేజీ దగ్గర పుస్తకం చింపితే రెండో ముక్క కూడా చదవగలం. మధ్యలో చింపితే ఆ "60 పెరిగింది" దేనిమీద పెరిగిందో ఎవరికీ తెలియదు. అందుకే చాలా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లు పుస్తకం అంతా కొత్తగా రాసేస్తాయి. రాసేటప్పుడు తప్పులు దొర్లుతాయి.

మన అదృష్టం ఏంటంటే డీవీడీలో ఈ ఐ-ఫ్రేమ్‌లు దగ్గర దగ్గరగా ఉంటాయి. పాల్ పద్ధతి డిస్క్‌లో 15 ఫ్రేమ్‌లకీ, ఎన్‌టీఎస్‌సీ డిస్క్‌లో 18 ఫ్రేమ్‌లకీ మించి దూరం ఉండకూడదని నియమం. రెండింట్లోనూ అది సుమారు 0.6 సెకను. తాళి కట్టే చోట కత్తెర పెట్టాలనుకుంటే అర సెకను అటో ఇటో పడుతుంది, అంతే. పెళ్లి వీడియోకి అది ఒక లెక్కా?

ఇక పని. డిస్క్ మీద నేరుగా ఏమీ చేయొద్దు. ముందు దాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చుకోవాలి. డిస్క్ తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డర్, అందులో ఒక్కోటి ఒక జీబీ దాకా ఉండే వీఓబీ ఫైళ్లు కనిపిస్తాయి. అవి నాలుగైదు వీడియోలు కావు, ఒకే వీడియోని ముక్కలుగా పెట్టారు. ఆ ఫోల్డర్ మొత్తం హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి పక్కన పెట్టండి, దాన్ని ముట్టుకోవద్దు. తర్వాత మేక్‌ఎంకేవీ అనే ప్రోగ్రామ్‌తో ఆ ఫోల్డర్‌ని తెరిస్తే ముక్కలన్నీ కలిపి ఒకే ఎంకేవీ ఫైల్ ఇస్తుంది. డీవీడీలకి అది ఉచితం. బొమ్మని ముట్టుకోదు, డబ్బా మాత్రం మారుస్తుంది. ఒక చిన్న మెలిక: 120 సెకన్ల కంటే చిన్న వీడియోలను అది మామూలుగా చూపించదు. మీ డిస్క్‌లో చిన్న క్లిప్పులుంటే సెట్టింగ్స్‌లో ఆ అంకె తగ్గించండి.

కత్తిరించడానికి నేను చెప్పేది అవిడెమక్స్. ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ఎడమ పక్కన వీడియో అవుట్‌పుట్, ఆడియో అవుట్‌పుట్ అని రెండు పెట్టెలుంటాయి. రెండింట్లోనూ "కాపీ" అని ఉండాలి. ఎపిసోడ్ మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సిన మాట అదొక్కటే అనుకోండి. కీబోర్డ్‌లో పైకి, కిందికి బాణాలు నొక్కితే ఒక ఐ-ఫ్రేమ్ నుంచి ఇంకో ఐ-ఫ్రేమ్‌కి దూకుతుంది. ఇప్పుడు ఏ రకం ఫ్రేమ్ మీద ఉన్నారో కింద అక్షరంతో చూపిస్తుంది. ముక్క మొదలయ్యే చోట ఐ ఉండాలి. మొదలు గుర్తు ఏ, చివరి గుర్తు బీ పెట్టి, అవుట్‌పుట్ ఫార్మాట్ ఎంకేవీ అని ఎంచుకుని సేవ్ చేయండి. ముక్క మొదట్లో ఒకటి రెండు ఫ్రేమ్‌లు చెదిరినట్టు కనిపిస్తే గాభరా పడొద్దు. ఆ బి-ఫ్రేమ్‌లు ముందున్న బొమ్మని వెతుక్కుంటున్నాయన్నమాట. తర్వాతి ఐ-ఫ్రేమ్‌కి జరపండి, సరిపోతుంది. అవిడెమక్స్ కంగారు పెడితే లాస్‌లెస్‌కట్ అని ఇంకోటుంది, అది ఇంకా తేలిక. ముక్కలన్నీ వరసగా అతికించడానికి ఎంకేవీ టూల్‌నిక్స్ చాలు.

ఇందులో ఇంకో లాభం, సంచౌంగ్ లాంటి చోట పెద్ద లాభం. మళ్లీ నొక్కే పద్ధతిలో పాత ల్యాప్‌టాప్‌కి గంటలు పడుతుంది. యాంగోన్‌లో కరెంటు సంగతి అక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు, తొంభై శాతం అయ్యాక పోతే మళ్లీ మొదటి నుంచి. కాపీ పద్ధతిలో నలభై నిమిషాల వీడియో మామూలుగా ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. బ్యాటరీ మీదే కానిచ్చేయొచ్చు.

అయితే ఈ తమ్ముడికి ఇంకో చిక్కు ఉంది. పెళ్లి యాంగోన్‌లో జరిగింది, నిశ్చితార్థం విశాఖపట్నంలో బంధువుల ఇంట్లో. రెండు డిస్క్‌లు, రెండూ కలిపి ఒకటే వీడియో కావాలంటాడు. భారతదేశంలో టీవీ పద్ధతి పాల్: 720 బై 576, సెకనుకి 25 ఫ్రేమ్‌లు. బర్మాలో ఎన్‌టీఎస్‌సీ: 720 బై 480, సెకనుకి 29.97. మీటర్ గేజి, బ్రాడ్ గేజి లాంటివి ఇవి. కాపీ పద్ధతిలో కలవవు. కలిపి తీరాలంటే ఒకదాన్ని రెండోదాని కొలతకి మళ్లీ నొక్కాల్సిందే. అలా మార్చినప్పుడు మనుషులు నడిచేటప్పుడు చిన్న కుదుపు కూడా వస్తుంది. నా సలహా: కలపొద్దు. "01 నిశ్చితార్థం", "02 పెళ్లి" అని పేర్లు పెట్టి ఒకే ఫోల్డర్‌లో ఉంచండి. వీఎల్‌సీలో ఒకదాని తర్వాత ఒకటి అదే ఆడుతుంది. గల్ఫ్ నుంచి, మలేషియా నుంచి వినేవాళ్లు కూడా మీ డిస్క్ ఏ దేశంలో తీసిందో చూసుకోండి.

బొమ్మని ముట్టకుండా ఇంకా ఏమేం మార్చొచ్చు? సౌండ్ మార్చొచ్చు. బ్యాండ్ మేళం హోరు తగ్గించి, కావాలంటే వేరే పాట పెట్టొచ్చు. సౌండ్ వేరే పట్టాల మీద నడుస్తుంది కాబట్టి బొమ్మకి ఏమీ కాదు. సబ్‌టైటిల్స్ కూడా విడిగా చేర్చొచ్చు. "ఈయన పెద్ద మావయ్య, ఈమె మోల్‌మీన్ అత్త" అని పిల్లల కోసం రాసి పెట్టినవాళ్లున్నారు, నాకు భలే నచ్చింది. మనుషులు సాగదీసినట్టు లావుగా కనిపిస్తే అది తరచుగా ఫైల్‌లో రాసిన నిష్పత్తి అంకె తప్పు. ఎంకేవీ టూల్‌నిక్స్‌లో 4:3 అని దిద్దితే చాలు. చేతులు కదిలినప్పుడు దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే అది పాడైపోవడం కాదు. పాత టీవీ కోసం బొమ్మని సరి బేసి గీతలుగా తీశారు. వీఎల్‌సీలో డీఇంటర్‌లేస్ ఆన్ చేసుకుని చూడండి, అసలు ఫైల్‌ని మార్చొద్దు.

బొమ్మ మీద పేర్లు వేయాలన్నా, వెలుతురు పెంచాలన్నా, ఒక సీన్ కరిగి ఇంకో సీన్ రావాలన్నా మాత్రం ఆ భాగం మళ్లీ నొక్కక తప్పదు. ఆ కొంచెం మేరకే నొక్కి, మిగతాది అలాగే వదిలే స్మార్ట్ రెండరింగ్ సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. టీఎంపీజీఎన్‌క్ వాళ్లది ఒకటి, డబ్బు కట్టాలి. నాన్న ముఖం మీద హృదయం గుర్తులు, గులాబీ రేకులు పడాలా అన్నది మీ ఇష్టం. నేనైతే వద్దంటాను.

ఫోన్‌లో చూసుకోవడానికి చిన్న ఫైల్ కావాలి, అది నిజమే. ఆ కాపీ విడిగా చేసుకోండి. హ్యాండ్‌బ్రేక్‌లో హెచ్ 264 ఎంచుకుని, క్వాలిటీ అంకె 18 దగ్గర పెట్టి, డీఇంటర్‌లేస్ ఆన్ చేసి, సైజు పెంచకుండా ఒక్కసారి చేయండి. 1080కి పెంచితే ఫైల్ లావెక్కుతుంది తప్ప మీసం కొత్తగా మొలవదు. ఎప్పుడు చేసినా ఆ ఎంకేవీ నుంచే చేయాలి, వాట్సాప్‌లో వచ్చిన దాని నుంచి కాదు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది తన పద్ధతిలో మళ్లీ నొక్కేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది, 2 జీబీ దాకా ఒప్పుకుంటుంది. నలభై నిమిషాల మన ముక్క లెక్క ప్రకారం ఒక జీబీకి అటూ ఇటూ వస్తుంది కాబట్టి పట్టేస్తుంది. నెట్ సరిగా లేకపోతే వచ్చేవాళ్ల చేత పెన్‌డ్రైవ్‌లో పంపించడం మేలు.

మళ్లీ డీవీడీగానే కావాలని అమ్మలు అడుగుతారు, టీవీ పక్కన ప్లేయర్ అలవాటు కదా. డీవీడీస్టైలర్‌తో చేయొచ్చు, కానీ దాంట్లో కూడా వీడియో లక్షణాల్లోకి వెళ్లి "కాపీ" అని ఎంచుకోవాలి. లేకపోతే అది తన ఇష్టం వచ్చినట్టు మళ్లీ నొక్కుతుంది. పాల్, ఎన్‌టీఎస్‌సీ ఒకే డిస్క్‌లో పెట్టకూడదు, రెండు డిస్క్‌లు చేయండి. ఖాళీ డిస్క్ మీద 4.7 జీబీ అని ఉన్నా విండోస్ లెక్కలో అది 4.38. పట్టట్లేదని కంగారు పడకండి.

కంప్యూటర్ లేదు, షాపులోనే చేయించాలి అంటారా? అప్పుడు "ఎడిట్ చేయండి" అనొద్దు. "రీఎన్‌కోడ్ చేయకుండా, స్ట్రీమ్ కాపీలో కట్ చేసి ఇవ్వండి" అనండి. తెచ్చుకున్నాక ఫైల్‌ని వీఎల్‌సీలో తెరిచి, కంట్రోల్ పట్టుకుని జే నొక్కండి. కోడెక్ దగ్గర ఎంపెగ్ వీడియో అని, సైజు 720 బై 480 లేదా 576 అని ఉండాలి. హెచ్ 264 అని కనిపిస్తే మళ్లీ నొక్కేశారన్నమాట. సైజు కూడా చూడండి: మూడు గంటలది 4.3 జీబీ ఉంటే నలభై నిమిషాలది దాదాపు ఒక జీబీ రావాలి, 200 ఎంబీ వస్తే డబ్బు ఇవ్వకముందే అడగండి.

ఇవన్నీ చేయాలంటే డిస్క్ చదవాలి కదా. మధ్యలో ఆగిపోతే మెత్తటి గుడ్డతో లోపలి నుంచి అంచువైపు నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. ఒక డ్రైవ్‌లో చదవనిది ఇంకో డ్రైవ్‌లో చదవడం నేను చాలాసార్లు చూశాను. అప్పటికీ రాకపోతే ఐసోబస్టర్ లాంటివాటితో వచ్చినంత మేర లాగొచ్చు. ఇంట్లో రాసిన డిస్క్‌ల్లో సమాచారం ఉండేది రంగు పొర మీద. ఎండకీ, వేడికీ, యాంగోన్ వానాకాలపు చెమ్మకీ అది నిలవదు. అక్కతో ఈ ఆదివారమే వీడియో టీఎస్ ఫోల్డర్ కాపీ చేయించండి. కత్తిరించడం వచ్చే నెల చేసుకోవచ్చు.